ఐదో మెషీను

ఎల్సా సంచి నేనే సర్దాను. రెండు జతల బట్టలు, శాలువా, బ్రష్షు, లాప్‌టాప్ తీగ, నాలుగు మాస్కులు, చిన్న సీసాలో నిమ్మకాయ ఊరగాయ. సీసా మూత మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేశాను. తరవాత అన్నీ బయటికి తీసి, లెక్కపెట్టి, మళ్ళీ సర్దాను.

"అత్తమ్మా, గుడ్‌గావ్‌కి వెళ్తున్నా. రెండ్రోజులు. చంద్రుడి మీదికి కాదు," అంది ఎల్సా జుట్టు ముడేసుకుంటూ.

"ఎప్పుడొస్తావ్?"

"శుక్రవారం సాయంత్రం."

"సాయంత్రం అంటే ఎన్నింటికి?"

"ఆరున్నర. మెట్రోలో సీటు దొరికినా ఆరున్నరే, దొరక్కపోయినా ఆరున్నరే. ఠీక్ హై?"

నన్ను నవ్వించడానికి అన్నదని తెలుసు. గోడ మీద చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండరులో శుక్రవారం గడిలో ఆరున్నర అని రాసుకున్నాను. తను కిందికి దిగి, ఈ-రిక్షా ఎక్కి, పార్కు మూల తిరిగేదాకా బాల్కనీలో నిలబడ్డాను. ఆ నెలంతా గాలి బాగాలేదు. తలుపులు తీయొద్దని టీవీలో చెబుతున్నారు. అయినా నిలబడ్డాను.

ఎల్సా నా కోడలు. నా కొడుకు నథానియేలు ఆసుపత్రిలో డయాలసిస్ వార్డు నర్సుగా చేసేవాడు. ఆ ఏడాది జనవరిలో ఒక రోగిని అంబులెన్సులో ఆగ్రా దింపిరమ్మంటే వెళ్ళాడు. దారిలో మంచు. ముందున్న లారీ కనపడలేదు. అప్పటి నుంచి మయూర్ విహార్‌లో ఆ మూడో అంతస్తు ఇంట్లో మేమిద్దరమే ఉంటున్నాం. నాది నర్సాపురం. ఢిల్లీ వచ్చి నలభై ఏళ్ళు దాటింది. నర్సుల హాస్టల్లో బట్టలు ఉతికించి, ఇస్త్రీ చేయించి, గదులవారీగా పంచే పని చేశాను. బడికి వెళ్ళలేదు. పాటల పుస్తకం చూసి తెలుగు, బస్సు బోర్డులు చూసి హిందీ, మందు డబ్బాలు చూసి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాను.

ఎల్సా పని ఏమిటో నాకు ముందు రోజే చెప్పింది. గుడ్‌గావ్‌లోని ఆమె కంపెనీ ఆసుపత్రుల డ్యూటీ పట్టికలు చూస్తుంది. మా వాడు పనిచేసిన ఆసుపత్రి కూడా అందులో ఉంది. ఎవరు ఏ వార్డులో, ఎన్నింటికి అనేది రోజూ కంప్యూటరే వేస్తుంది. ఆ పేర్లన్నీ ఐదు మెషీన్లలో ఉంటాయి.

నాకు అర్థం కాలేదని పోపుల పెట్టెలోంచి ఐదు గిన్నెలు తీసి భోజనాల బల్ల మీద గుండ్రంగా పెట్టింది.

"ఇవి ఐదు మెషీన్లు. ఒక పేరు రాస్తే మూడింట్లో పడుతుంది. ఒకటి పాడైనా మిగతా రెండిట్లో ఉంటుంది. వీటిలో పెద్దది, చిన్నది అని లేవు. ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి."

"ఏం మాట్లాడుకుంటాయి?"

"నువ్వున్నావా, ఉన్నాను. నీ దగ్గర కొత్తదేమైనా ఉందా, ఉంది తీసుకో. అంతే, రోజంతా."

మెంతుల గిన్నె మీద వేలు పెట్టింది. "ఇది ఐదోది. ఆసుపత్రి పాత బిల్డింగులో ఉంది. పోయిన డిసెంబరులో దాని బ్యాటరీలు కాలిపోయాయి. అప్పటినుంచి ఆగిపోయే ఉంది. పాతదైపోయింది. ఇప్పుడు దాన్ని లెక్కలోంచి తీసెయ్యాలి."

"తీసెయ్యడానికి రెండ్రోజులెందుకు? స్విచ్చి ఆపేసే ఉందిగా."

"మిగతా నాలుగూ దాని కోసం ఇంకా చూస్తుంటాయి అత్తమ్మా. నువ్వున్నావా, నువ్వున్నావా అని అడుగుతూనే ఉంటాయి. అది ఇక రాదు, దాని వంతు మీరు పంచుకోండి అని వాటికి చెప్పాలి. అప్పుడు సర్దుకుంటాయి. దానికే టైమ్ పడుతుంది."

నేను మెంతుల గిన్నె వైపు చూశాను. "దాన్నేమీ అడగరా?"

"అది నడుస్తుంటే అదే చెబుతుంది. నేను వెళ్తున్నా, నా దగ్గరున్నవి ఇవిగో అని అందరికీ అప్పజెప్పి వెళ్తుంది. ఇది ఆగిపోయిందిగా. ఆగిపోయినదాన్ని అడక్కూడదు. పది రోజులు దాటి ఆగి ఉన్నదాన్ని మళ్ళీ లేపకూడదని రూల్."

"ఒక్క మాటైనా చెప్పనివ్వకుండా ఎలా పంపిస్తారే?" అన్నాను.

నా నోటికి వచ్చింది అన్నాను. మా అమ్మ నర్సాపురం మిషన్ ఆసుపత్రి మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి, ఇక్కడే ఉండు అని లోపలికి పోయింది. నాకు ఎనిమిదేళ్ళు. మా ఆయన సాలొమోనుకి ఆఖరి రోజు నోట్లో గొట్టం ఉంది. నథానియేలు వెళ్ళేటప్పుడు నేను స్నానాల గదిలో ఉన్నాను. మెషీను గురించి నాకేం తెలుసు? అయినా అన్నాను. ఎల్సా గిన్నెలు పోపుల పెట్టెలో పెట్టేసింది.

గురువారం సాయంత్రం ఐదింటికి నా ఫోను మోగింది. మెసేజీ. మందుల షాపు వాళ్ళదేమో అని కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఒక్కో అక్షరం చదివాను.

ఎన్ 417. డయాలసిస్. 24 నవంబరు. ఉదయం 7 నుంచి 2.

అంతే ఉంది. పేరు లేదు. నాకు పేరు అక్కర్లేదు. ఆ నంబరు నా చేత్తో ఎన్నోసార్లు కుట్టాను. ఆసుపత్రి లాండ్రీలో యూనిఫారాలు కలిసిపోతాయని ప్రతి చొక్కా కాలరు లోపల ఎర్ర దారంతో నంబరు కుట్టేదాన్ని. హాస్టల్లో అందరికీ కుట్టిన అలవాటు. నథానియేలుది 417. ఏడుకి నడుమ గీత పెట్టేదాన్ని, ఒకటి అనుకోకుండా. వాడికి డ్యూటీ మెసేజీ వచ్చినప్పుడు నాకూ వచ్చేది. రెండో నంబరు నాదే ఇచ్చాడు. నేనే లేపాలి కాబట్టి.

కుర్చీలో కూర్చున్నాను. గుండె దడ వస్తుందనుకున్నాను. రాలేదు. లేచి వంటగదిలోకి వెళ్ళి రేపటికి పప్పు నానబెట్టాను. టిఫిను బాక్సు పై అరలోంచి తీశాను. కడిగాను. తుడిచాను. అప్పుడు ఆగి, దాన్ని మళ్ళీ పైన పెట్టాను.

ఎల్సాకి ఫోను చెయ్యలేదు.

శుక్రవారం ఆరున్నరకి కాదు, ఏడుకి పది నిమిషాలు తక్కువకి వచ్చింది. ఆ ఇరవై నిమిషాలూ బాల్కనీలో ఉన్నాను. సంచి దింపకుండానే సోఫాలో కూలబడింది. మొహం పీక్కుపోయి ఉంది.

"తిన్నావా?"

"పెద్ద తప్పు చేశాను అత్తమ్మా."

టీ పెట్టి ఇచ్చాక చెప్పింది. ఐదో మెషీనుకి కొత్త బ్యాటరీ పెట్టించి లేపమంది. అక్కడున్న టెక్నీషియను నెట్‌వర్కు తీగ పీకకుండానే లేపాడు. పీకమని తను చెప్పలేదు. లేచిన మెషీను మిగతావాటితో మాట్లాడింది. నీ దగ్గర కొత్తదేమైనా ఉందా అని అవి అడిగాయి.

"ఈ పదకొండు నెలల్లో ఉద్యోగం మానేసిన వాళ్ళు, రిటైరైన వాళ్ళు, వాళ్ళందరి పేర్లూ మేం తీసేశాం. తీసేసిన చోట పది రోజుల పాటు ఒక గుర్తు ఉంటుంది, ఇక్కడ ఇది ఉండేది, తీసేశాం అని. అందరూ ఆ మాట విన్నాక ఆ గుర్తు కూడా పోతుంది. ఐదోది ఆగిపోయి ఉంది కాబట్టి అది వినలేదు. దాని లెక్కలో ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఆ పేర్లు మిగతా నాలుగింటికీ ఇచ్చేసింది. అవి కొత్త పేర్లే అనుకుని తీసుకున్నాయి."

"ఎంతమంది?"

"ఎనభై మూడు. వచ్చిన గంటలోనే కంప్యూటర్ వాళ్ళకి డ్యూటీలు వేసేసింది."

ఆమె ఫోను మోగింది. వాళ్ళ మేనేజరు రఘునందన్. స్పీకరు పెట్టి టీ తాగుతూ మాట్లాడింది.

"ఎల్సా గారూ, ఎనభై మూడూ క్లీన్ అయిపోయాయా? పొద్దున ఒక రిటైర్డ్ మేట్రన్‌గారు ఫోన్ చేసి, బాబూ నాకు డెబ్బై రెండేళ్ళు, ఆపరేషన్ థియేటర్లో డ్యూటీ వేశారు, రమ్మంటే వస్తాను కానీ మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు అంది."

"అయిపోయాయి సర్. హెచ్.ఆర్. లిస్టు దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ తీసేశాను."

"ఆ ఐదోది?"

"అది కూడా వెళ్ళిపోయింది. ఇప్పుడు నాలుగే."

"అచ్ఛా. రెస్ట్ తీసుకోండి."

ఫోను పెట్టేసింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె కప్పులోకి చూసింది. అప్పటికి రెండు గంటల ముందు, ఐదింటికి, నా ఫోనుకి రెండో మెసేజీ వచ్చింది. ఎన్ 417. డయాలసిస్. శనివారం ఉదయం 7 నుంచి 2.

ఎనభై రెండు తీసేసింది. ఒకటి తీయలేదు. తనకు తెలుసు, నాకు తెలుసు. ఇద్దరం మాట్లాడుకోలేదు.

శనివారం కూడా వచ్చింది. ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోను బల్ల మీద పెట్టి కూర్చున్నాను. ఐదింటికి వచ్చింది. సోమవారం కూడా. ఆ ఐదు రోజులూ నాకు బాగానే నిద్ర పట్టింది. సంతోషమని చెప్పలేను. ఐదింటికి ఒక పని ఉండేది, అంతే. పొద్దున ఆరింటికి మెలకువ వస్తే, వాడు ఇప్పుడు మెట్రో ఎక్కి ఉంటాడు అనుకునేదాన్ని. అది అబద్ధమని తెలిసే అనుకునేదాన్ని. మధ్యాహ్నం రెండు దాటితే, డ్యూటీ దిగి ఉంటాడు అనుకునేదాన్ని. ఇంటికి వచ్చినట్టు మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేకపోయాను.

ఆ పేరు ఆ మెషీన్లలో ఉన్నంతకాలం ఉండనీ అనుకున్నాను. దానివల్ల ఎవరికేం నష్టం? తింటుందా, తాగుతుందా? ఎల్సా దాన్ని తీసేస్తుందేమో అన్న ఒక్క భయమే ఉండేది. తను లాప్‌టాప్ తెరిచినప్పుడల్లా వంకాయలు తరుగుతూ ఆమె వేళ్ళ వంక చూసేదాన్ని.

మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకి పైఅంతస్తులో ఉండే హాసిని తలుపు కొట్టింది. అమలాపురం అమ్మాయి. అదే ఆసుపత్రిలో నర్సు. మా వాడు పోయాక చేరింది, వాణ్ణి చూడలేదు. డ్యూటీ దిగి వస్తూ నా దగ్గర పెరుగు తోడు పట్టుకెళ్ళడం అలవాటు. ఆ రోజు గిన్నె తేలేదు. చెప్పులు విప్పింది. ఎడమ చెప్పు పట్టీ మీద ఎండిన రక్తం ఉంది.

"మామ్మగారూ, కాసిని మంచినీళ్ళివ్వండి."

ఇచ్చాను. గ్లాసు పట్టుకుని గుమ్మం పక్కనే నేల మీద కూర్చుంది. ఎల్సా లోపలి గదిలో లాప్‌టాప్ ముందు పని చేసుకుంటోంది. గది తలుపు తీసే ఉంది.

"ఏమైందే అమ్మాయ్?"

"మా వార్డులో పది బెడ్లండి. పొద్దున షిఫ్టుకి నలుగురం ఉండాలి. శుక్రవారం నుంచి ముగ్గురమే. కాయితం మీద చూస్తే నలుగురు. ఆ నాలుగోవాడెవడో రాడు. ఇన్‌చార్జి సిస్టరు పైకి ఫోన్ చేసి, మనిషి తక్కువున్నాడు, ఎవరినైనా పంపండి అంటే, మీ నలుగురూ మీకున్నారు కదా, సిస్టంలో కనపడుతున్నారు అంటారు. సెలవు పెట్టలేదు కాబట్టి బదులు మనిషిని ఇవ్వరంట. ఐదు రోజుల్నుంచి వాణ్ణి తిట్టుకుంటున్నాం. ఎవడో బదిలీ మీద వచ్చినవాడంట, పని తప్పించుకుని ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు."

గ్లాసులో ఇంకాసిని నీళ్ళు పోశాను.

"ఇవాళ నాకు నాలుగు బెడ్లండి. ఒకావిడకి కాళ్ళు పట్టేసి అరుస్తుంటే అటు వెళ్ళాను. ఇటు కేశవరావుగారని, మన ఆర్.కె. పురం ఆయన, దుప్పటి మెడదాకా కప్పుకుని పడుకున్నారు. దుప్పటి కింద సూది ఊడిపోయింది. మిషను అరవలేదండి. ఒక్కోసారి దానికీ తెలీదు. రక్తం మంచం మీంచి కారి నా చెప్పుకి తగిలింది. అప్పుడు చూశాను."

"బతికే ఉన్నారా?"

"ఐసీయూలో ఉన్నారు. మాట్లాడట్లేదు. వాళ్ళావిడ నన్నడిగింది, ఏమ్మా, నువ్వెక్కడికెళ్ళావు అని. ఎక్కడికీ వెళ్ళలేదండీ. రెండు మంచాల అవతలే ఉన్నాను." గ్లాసు నేల మీద పెట్టింది. "ఎంక్వైరీ వేస్తారంట. నలుగురు ఉండగా ఎలా జరిగింది అని రాయమన్నారు. నలుగురు లేరండీ అని రాస్తే, ఉన్నారు, ఇదిగో కాయితం అంటున్నారు."

"ఆ నాలుగో ఆయన పేరేంటి?" అన్నాను.

"కాయితంలో పేర్లుండవు మామ్మగారూ. నంబర్లే. నాలుగువందల పదిహేడు."

లోపలి గదిలో కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

హాసిని కాసేపు కూర్చుని పైకి వెళ్ళింది. దానికి ఆ నంబరు ఎవరిదో నేను చెప్పలేదు. చెప్పాల్సింది.

ఎల్సా గదిలోకి వెళ్ళాను. తెర వంక చూస్తూ కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"విన్నావా?"

"విన్నాను."

"తీసెయ్యి."

"అత్తమ్మా."

"ఇప్పుడే తీసెయ్యి. ఐదవకముందే."

ఎల్సా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఆ మెషీను పోయిన డిసెంబరులో ఆగిపోయింది," అంది. "దాంట్లో ఆయన ఇంకా ఉంటారని నాకు తెలుసు. అది నాకు ముందే తెలుసు. ఒక్కసారి లేపి చూసి, తుడిచేద్దామనుకున్నాను. చూడాలని. అంతే. చూసే హడావిడిలో తీగ సంగతి మర్చిపోయాను."

"నేనన్న మాట వల్ల కాదా? ఒక్క మాటైనా చెప్పనివ్వరా అన్నాను కదా."

"మీ మాట వల్ల కాదు."

నిజంగానే కాదో, నా కోసం అన్నదో ఇప్పటికీ తెలియదు. మళ్ళీ అడగలేదు.

"ఏముంది దాంట్లో?" అన్నాను.

"ఏమీ లేదు అత్తమ్మా. నంబరు, పేరు, వార్డు, రెండు ఫోన్ నంబర్లు. మిగిలిన సెలవులు పద్నాలుగు."

వంటగదిలోంచి ముక్కాలి పీట తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాను. తను ఏదో టైపు చేసింది. తెర మీద ఒక వరస వచ్చింది. కళ్ళజోడు సరిచేసుకుని అక్షరం అక్షరం చదివాను. 417 తరవాత వాడి పేరు, చివర నా ఫోను నంబరు. మొత్తం చదివేదాకా ఎల్సా ఆగింది.

"చదివారా?"

"చదివాను."

ఒక మీట నొక్కింది. ఆ వరస పోయింది. చప్పుడేమీ రాలేదు. మళ్ళీ అడిగి చూసింది. లేదు అని వచ్చింది. నాలుగు మెషీన్లనూ విడివిడిగా అడిగింది. నాలుగూ లేదనే చెప్పాయి. మర్నాటి డ్యూటీలు మళ్ళీ వేయించింది. డయాలసిస్‌లో నాలుగో గడి ఖాళీగా కనపడింది. ఐదు నిమిషాలకి అందులో వేరే నంబరు వచ్చి చేరింది. ఎవరో బతికున్న మనిషిది.

"ఇక రాదా?"

"గుర్తు పది రోజులుంటుంది. తరవాత అదీ ఉండదు. ఐదోది లేదు కాబట్టి మళ్ళీ రాదు."

తరవాత రఘునందన్‌కి ఉత్తరం రాసింది. ఎనభై రెండే తీసేశానని, ఒకటి తెలిసే ఉంచానని, ఆ నంబరు చనిపోయిన తన భర్తదని, శుక్రవారం నుంచి మంగళవారం వరకు డయాలసిస్ పొద్దున షిఫ్టులో నిజంగా ముగ్గురే ఉన్నారని, ఆ నర్సు తప్పేమీ లేదని రాసింది. హాసిని పేరు స్పెల్లింగు నన్నడిగి సరిచూసుకుంది. పంపే ముందు నాకు తెలుగులో చెప్పింది. "పంపెయ్యి" అన్నాను.

ఐదు అయింది. ఫోను బల్ల మీదే ఉంది. ఐదుంబావు అయింది. ఎల్సా లేచి టీ పెట్టింది. ఇద్దరం తాగాం. నేను పైకి వెళ్ళి హాసినికి 417 ఎవరో చెప్పాను. అది తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "మేం తిట్టుకున్నామండీ," అంది. "తిట్టుకోవాల్సిందే" అన్నాను. పెరుగు తోడుకి గిన్నె ఇవ్వమన్నాను. ఇచ్చింది.

ఎల్సాని ఆసుపత్రి పనిలోంచి తప్పించారు. ఉద్యోగం పోలేదు, వేరే పని ఇచ్చారు. హాసిని మీద ఎంక్వైరీ మూసేశారు. కేశవరావుగారు మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వెళ్ళారు. కుడి చెయ్యి సరిగా పనిచెయ్యదట. ఎల్సా వాళ్ళింటికి ఒకసారి వెళ్ళి వచ్చింది. ఏం మాట్లాడిందో చెప్పలేదు. నేను అడగలేదు.

పది రోజులూ క్యాలెండరులో గీతలు పెట్టాను. పదో రోజున పాత ట్రంకు పెట్టెలోంచి వాడి చొక్కాలు తీసి, కాలర్ల లోపలి ఎర్ర దారం కత్తెరతో విప్పాను. ఆరు చొక్కాలు. కుట్టు విప్పిన చోట చిన్న చిన్న రంధ్రాలు మిగిలాయి, ఉతికితే కలిసిపోతాయి. నర్సుల హాస్టల్లో కొత్తగా చేరిన వాళ్ళకి యూనిఫారాలు తక్కువగా ఉన్నాయని హాసిని చెప్పింది. ఒక సంచిలో సర్దాను. లెక్కపెట్టి, బయటికి తీసి, మళ్ళీ సర్దాను. హాసిని పట్టుకెళ్ళింది. పార్కు మూల తిరిగేదాకా చూశాను.

వాణ్ణి పంపిన రోజు సంచి కూడా నేనే సర్దాను. టిఫిను బాక్సు, మఫ్లరు, నీళ్ళ సీసా. సర్ది తలుపు దగ్గర పెట్టి స్నానానికి వెళ్ళాను. మధ్యాహ్నానికి వచ్చేస్తానని కాబోలు, తలుపు బయటి నుంచి కేక వేశాడు. నీళ్ళ చప్పుడులో సరిగా వినపడక, ఏంటీ అన్నాను. నేను బయటికి వచ్చేటప్పటికి సంచి లేదు.

నథానియేలు తిరిగి రాలేదు. 2023 జనవరి 9, సోమవారం.